ఎలుగుబంటి కోసమైతే రాకు

ఒరేయ్ శీనూ,

నీ ప్రశ్నలన్నింటికీ ఫోన్లోనే జవాబు చెప్పొచ్చు గానీ, నువ్వు నన్ను ఒక్క వాక్యం పూర్తి చెయ్యనివ్వవు, మధ్యలోనే ఇంకో ప్రశ్న వేస్తావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. ఇక్కడ మారతహళ్లిలో పొద్దున్నుంచి కరెంటు లేదు, కింద నీళ్ల ట్యాంకరు వాడు హారన్ మోగించి చంపుతున్నాడు. ఇలాంటప్పుడు మంచు గురించి రాసుకోవడం కంటే మంచి పని ఏముంటుంది చెప్పు.

అసలు సంగతి ముందే చెప్పేస్తా. వచ్చే ఏడు నాతో స్వాల్‌బార్డ్‌కి, అదే నార్వే పైన ఉత్తర ధ్రువం వైపున్న ఆ మంచు దీవులకి, వస్తానన్నావు, సంతోషం. కానీ ధ్రువపు ఎలుగుబంటి ఫొటో కోసమైతే మాత్రం రాకు. 2025 జనవరి నుంచి అక్కడ చట్టం మారింది. ఎలుగుబంటికి కనీసం 300 మీటర్ల దూరంలో ఉండాలి, మార్చి 1 నుంచి జూన్ 30 దాకా అయితే 500 మీటర్లు. అంటే స్నోమొబైల్ (మంచు మీద నడిపే బండి) సీజన్ మంచి ఊపులో ఉండే మార్చి, ఏప్రిల్ నెలల్లో అర కిలోమీటరన్నమాట. నువ్వు ఎగేసుకుని కొందామంటున్న ఆ 600 ఎం.ఎం. లెన్సుతో లెక్క వెయ్యి: రెండుంబావు మీటర్ల పొడవున్న జంతువు 500 మీటర్ల దూరంలో ఉంటే ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ మీద రెండున్నర మిల్లీమీటర్ల చిల్లర పడుతుంది. ఫ్రేము వెడల్పులో పదమూడో వంతు కూడా రాదు. దాన్ని క్రాప్ చేసి గోడకి తగిలిస్తే చూసినవాళ్లు 'ఆ మచ్చ ఏంటి?' అని అడుగుతారు. ఎదురుపడినా వెంటపడకూడదు, ఆహారం వేసి రప్పించకూడదు. ఈ రూలు నాకు నచ్చింది కూడా. కబినిలో పులి కనపడిందంటే చాలు, జీపులన్నీ ఒకేచోటికి ఎలా ఎగబడతాయో ఇద్దరం చూశాం కదా. అక్కడ ఆ గోల లేదు.

మరి ఎందుకు వెళ్లాలి అంటావా? వెలుతురు కోసం. నిజంగా అంతే. అక్కడి ముఖ్యమైన ఊరు లాంగియర్‌బియెన్ 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్టోబరు చివర్లో అస్తమించిన సూర్యుడు మళ్లీ ఫిబ్రవరి మధ్యలో గానీ దిగంతం పైకి రాడు. ఊరు లోయలో ఉంటుంది కాబట్టి కొండలు దాటి ఎండ ఊళ్లో పడటానికి మార్చి 8 అవుతుంది. ఆ రోజు ఊరంతా పాత ఆసుపత్రి మెట్ల దగ్గర చేరి సూర్యుడి కోసం కాచుక్కూర్చుంటారు, వారమంతా పండగే. మన రథసప్తమి వాళ్లకి ఇంకాస్త అర్థమవుతుందనిపించింది నాకు. ఫిబ్రవరి రెండో సగంలో సూర్యుడు దిగంతాన్ని పట్టుకుని వేలాడుతూ ఉంటాడు. మన దగ్గర సూర్యోదయానికి ముందు పావుగంట దొరికే ఆ నీలం, గులాబీ రంగు అక్కడ గంటల తరబడి కరగదు. పులికాట్‌లో ఫ్లెమింగోల కోసం నాలుగింటికి లేచి, రంగు పోతోందిరా పోతోందిరా అని పడవవాణ్ణి తొందరపెట్టే బాధ ఉండదు. ట్రైపాడ్ పెట్టుకుని, ఫ్రేము నచ్చక చెరిపేసి, ఇంకో చోటికి నడిచి, మళ్లీ పెట్టుకున్నా అదే వెలుగు నీకోసం ఆగి ఉంటుంది. ఏప్రిల్ 20 దాటాక మళ్లీ సూర్యుడు అస్తమించడు. అప్పుడు చలి తక్కువే గానీ ఆ రంగులు అంత దండిగా ఉండవు. నన్నడిగితే ఫిబ్రవరి చివరి నుంచి మార్చి మూడో వారం దాకా.

ఇక బండి సంగతి. స్నోమొబైల్ నడపడం గురించి నువ్వు అనవసరంగా టెన్షన్ పడుతున్నావు. క్లచ్ లేదు, గేరు లేదు. కుడి బొటనవేలితో ఒక మీట నొక్కితే వెళ్తుంది, వదిలేస్తే ఆగుతుంది. పట్టుకునే హ్యాండిల్ గ్రిప్పులకి హీటరు ఉంటుంది. ఒక తాడు నీ సూటుకి తగిలించుకోవాలి, నువ్వు కింద పడితే అది ఊడి ఇంజన్ దానంతటదే ఆగిపోతుంది. మామూలు డ్రైవింగ్ లైసెన్సు చూపించాలి. ఇంకోటి, మందు కొట్టి ఎక్కితే అక్కడ ఊరుకోరు, కారు నడిపేవాళ్లకి ఉన్న రూలే దీనికీ. రాత్రి మరీ ఎక్కువైతే పొద్దున్నకి కూడా దిగదు, నీ సంగతి నాకు తెలుసు గనక ముందే చెప్తున్నా.

నొప్పి పుట్టేది మాత్రం ఆ బొటనవేలే. సాయంత్రానికి కాఫీ కప్పు పట్టుకోవాలన్నా బాధే.

అందరూ ఒకే వరసలో వెళ్లాలి, ముందు గైడు. గైడు చెయ్యెత్తితే నువ్వూ ఎత్తాలి, నీ వెనకవాడూ ఎత్తాలి, అలా చివరిదాకా కబురు చేరుతుంది. గైడు వేసిన దారి దాటి పక్కకి తిప్పకూడదు. పైన మంచు చదునుగానే కనిపిస్తుంది, హిమానీనదం మీద దాని కింద పగులు ఉందో లేదో నీకు తెలియదు, గడ్డకట్టిన సముద్రం మీద అయితే ఎక్కడ పలచగా ఉందో అంతకన్నా తెలియదు. ఊరు దాటితే ఎలుగుబంటి భయం ఉంది కాబట్టి గైడు దగ్గర రైఫిలు, దాన్ని బెదరగొట్టడానికి సిగ్నల్ పిస్టలు ఉంటాయి. మా గైడు పాతికేళ్ల పిల్ల, భుజానికి రైఫిలు, చేతిలో ఫ్లాస్కు. ఆగిన ప్రతిచోటా ముందు బైనాక్యులర్స్‌తో చుట్టూ నెమ్మదిగా చూసి, తర్వాతే మమ్మల్ని దిగమనేది. ఆమె చూసేదాకా బండి మీదే కూర్చోవాలి, కెమెరా ఎంత తహతహలాడినా సరే.

అడ్వెంట్‌డాలెన్ లోయ గుండా పోయి సాసెన్‌డాలెన్ అనే ఇంకో లోయ దాటి టెంపెల్‌ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ ఒడ్డుకి దిగాం. అక్కడ మనకి కావాల్సింది దొరికింది, రెయిన్‌డీర్. స్వాల్‌బార్డ్‌వి పొట్టి కాళ్లు, బొద్దు ఒళ్లు, మిగతా చోట్ల వాటికన్నా చిన్నవి. గైడు చాలా దూరంలోనే ఇంజన్లు ఆపించింది. హెల్మెట్లు తీసి, బండి చాటున మోకాళ్ల మీద కూర్చున్నాం. ఒక ఆడది ముందుకాలితో మంచు తవ్వుతోంది. మూడు నాలుగు దెబ్బలు, ఆగడం, మూతి గుంటలో పెట్టడం, మళ్లీ తవ్వడం. కింద గట్టి మంచుపొర మీద గిట్ట తగిలినప్పుడు టక్కుమని చప్పుడు స్పష్టంగా వినిపించింది. కనురెప్పల వెంట్రుకలకి, మూతి చుట్టూ తెల్లగా పేరుకున్న మంచు కూడా లెన్సులో కనిపించింది. గైడు మెల్లగా చెప్పిందేంటంటే, చలికాలంలో వర్షం పడితే నేల మీద ఆ నీళ్లు గడ్డకట్టి పలకలా తయారవుతాయి, దాని కిందున్న గడ్డి వీటికి అందదు, అలాంటి ఏళ్లలో చాలా చచ్చిపోతాయి. శీతాకాలపు వానలు అక్కడ ఎక్కువవుతున్నాయి. ఈ కాలంలో తిండి చాలక అవి ఒంట్లో కొవ్వు మీద కూడా ఆధారపడి బతుకుతాయి కాబట్టి మనం దగ్గరికెళ్లి ఒక్కసారి పరిగెత్తించినా అది వాటి ప్రాణం మీదకే. ఈ మాట విన్నాక మాలో ఎవరూ ఒక్క అడుగు ముందుకి వెయ్యలేదు. చివరికి అదే తవ్వుకుంటూ తవ్వుకుంటూ మావైపు వచ్చింది. నా ట్రిప్పు మొత్తంలో మంచి ఫొటో అదే, 400 ఎం.ఎం. దగ్గర తీశా.

టార్మిగన్ అని తెల్ల పిట్ట ఒకటి ఉంది, కౌజు కన్నా పెద్దది. చలికాలమంతా అక్కడే ఉండిపోయే నేల పక్షి అదొక్కటే. మబ్బు పట్టిన రోజు ఆకాశం, నేల ఒకటే తెలుపైపోయి, గుంట ఎక్కడుందో మిట్ట ఎక్కడుందో తెలియక ల్యాండ్‌స్కేప్ తీసేవాళ్లంతా మొహాలు మాడ్చుకుంటే, నేను మాత్రం ఆ పిట్ట కన్ను, ముక్కు మాత్రమే నల్లగా కనిపించే ఫొటోలు తీసుకుంటూ కూర్చున్నా. తెలుపులో తెలుపు. నీకు నచ్చుతాయో లేదో గానీ నాకు పిచ్చి పట్టింది.

కెమెరా విషయం. ఇది బాగా చదువు, ఎందుకంటే తర్వాత ఫోన్ చేసి మళ్లీ అడుగుతావు. మంచుని చూసి కెమెరా మీటరు మోసపోతుంది, అంత తెలుపుని బూడిదరంగు అనుకుని ఫొటోని చీకటి చేసేస్తుంది. ఆటోలో వదిలేస్తే మంచంతా పాత బనీను రంగులో వస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగు పెంచే, తగ్గించే సెట్టింగు) ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపులు ప్లస్‌లో పెట్టు, హిస్టోగ్రామ్, అదే వెలుగునీడల గ్రాఫు, కుడివైపు గోడకి గుద్దుకోకుండా చూసుకో. తెర మీద కనపడేదాన్ని నమ్మొద్దు, ఆ వెలుతురులో అంతా చీకటిగానే అనిపిస్తుంది. బ్యాటరీలు చలికి చకచకా పడిపోతాయి. స్పేర్‌వి లోపలి జేబులో ఒంటికి తగిలేలా పెట్టుకో, అయిపోయిందనుకున్నది వెచ్చబడ్డాక మళ్లీ కాసేపు పనిచేస్తుంది. వ్యూఫైండర్ మీద ఊపిరి వదిలితే అక్కడే గడ్డకడుతుంది. ట్రైపాడ్ కార్బన్‌ది అయితే మేలు, అల్యూమినియం కాళ్లు ఉత్త చేత్తో పట్టుకుంటే చర్మం అంటుకుపోతుంది. పల్చటి గ్లవ్స్ లోపల, పైన మందపాటివి.

చలి ఎంత అంటే, మైనస్ 20లో గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తే మొహానికి తగిలేది మైనస్ 34 లెక్క. ముక్కు, బుగ్గ ఒక్క అంగుళం కూడా బయటికి కనపడకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం, సాయంత్రం క్యాబిన్‌లోకి వెళ్లేముందు. ఎండాకాలంలో ఏసీ కారు దిగి నేలపట్టులో కెమెరా బయటికి తీస్తే లెన్సు మీద ఆవిరి కమ్ముతుంది చూశావా, ఇక్కడ అదే, పదింతలు. అందుకని బయటే కార్డు తీసేసుకుని, కెమెరాని జిప్ కవర్లో పెట్టి గాలి చొరకుండా మూసి, అప్పుడు లోపలికి తీసుకెళ్లు. తేమ కవరు మీద పడుతుంది, కెమెరా మీద కాదు. రెండు మూడు గంటలు దాన్ని ముట్టుకోవద్దు. రాత్రి మధ్యలో అరోరా (ఆకాశంలో ఆడే రంగుల వెలుగు) అని కేకలు వినపడితే మళ్లీ పరిగెత్తాల్సి వస్తుంది, కాబట్టి ఒక కెమెరా బాడీని క్యాబిన్ బయట వరండాలోనే వదిలేసేవాళ్లు కూడా ఉన్నారు. బండి వెనక పెట్టెలో మాత్రం లెన్సులు పెట్టకు. గతుకులకి స్క్రూలు ఊడిపోతాయి. వీపు మీద బ్యాగు, నడుముకి బెల్టు, అంతే. ఆ పెద్ద లెన్సు కొనకు, ఇక్కడ బెంగళూరులో రోజు లెక్కన అద్దెకిస్తారు, 100-400 ఒకటి, ఒక వైడ్ చాలు.

ఒక కోపం కూడా చెప్పుకోవాలి. అందరితో కలిపి తీసుకెళ్లే మామూలు టూరులో కూడా ఒక రోజు వెళ్లా. బ్రోషర్లో కెమెరా బొమ్మ పెద్దదే వేశారు. తీరా చూస్తే మాతో ఉన్నవాళ్లకి కావాల్సింది వేగం. నక్క కనపడి ఆగుదామంటే, ఆ టూరు గైడు వాచీ చూపించాడు, మధ్యాహ్నం సూపు టైము దాటిపోతుందట! తెల్లని నక్క, నీలపు మంచు, పక్కనుంచి సాగిపోయాం. కాబట్టి డబ్బు కాస్త ఎక్కువైనా ఫొటోగ్రాఫర్ల కోసమే నడిపే చిన్న గ్రూపు చూసుకోవాలి. ఎన్ని బండ్లు వస్తాయి, ఒక చోట ఎంతసేపు ఆగుతారు, సాయంత్రం వెలుగు పోయేదాకా బయట ఉంటారా, ఇవి ముందే మెయిల్లో అడిగి రాతపూర్వకంగా తెప్పించుకో. ఇప్పుడు కరెంటు స్నోమొబైళ్లు కూడా వచ్చాయి, చప్పుడు తక్కువ, జంతువుల దగ్గర హాయి, కానీ దూరాలు పోవు.

జంతువులే దగ్గరగా కావాలని నీ మనసు పీకుతుంటే, మీ చెల్లెలు డెన్వర్‌లోనే ఉంది కదా, అమెరికాలోనే ఉన్న యెల్లోస్టోన్ నేషనల్ పార్కుకి వెళ్లు. డిసెంబరు మధ్య నుంచి మార్చి మధ్య దాకా ఉత్తరం రోడ్డు తప్ప లోపలి రోడ్లన్నీ కార్లకి బంద్. స్నోమొబైల్ మీద గైడుతో వెళ్లాలి, లేదంటే స్నోకోచ్ అని మంచు మీద నడిచే వ్యాను ఉంటుంది. గైడు లేకుండా వెళ్లాలంటే లాటరీలో పర్మిట్ తగలాలి. అక్కడ బైసన్‌కి (అమెరికా అడవి దున్న) 23 మీటర్లు, తోడేలుకి, ఎలుగుకి 91 మీటర్ల దూరం పాటిస్తే చాలు. బైసన్ తలకాయతో మంచుని అటూ ఇటూ ఊడ్చి గడ్డి తింటుంది, గడ్డం నిండా మంచు కట్టి, వెనక వేడినీటి బుగ్గల ఆవిరి. 70-200 లెన్సుతో ఫ్రేము నిండిపోతుంది. ఆవిరి తగిలిన చెట్లన్నీ తెల్లగా గడ్డకట్టి ఉంటాయి. తోడేళ్లని 1995లో మళ్లీ తెచ్చి వదిలారు, వాటికోసమైతే లమార్ లోయకి వెళ్లాలి, ఆ ఉత్తరం రోడ్డు చలికాలంలో కూడా కార్లకి తెరిచే ఉంటుంది, స్నోమొబైల్ అక్కర్లేదు. చలి మాత్రం తక్కువ అనుకోకు, వెస్ట్ యెల్లోస్టోన్ పక్కన 1933 ఫిబ్రవరిలో మైనస్ 54 నమోదైంది. పోనీ ఆ ఫొటోలు తీసి పంపితే నేను కుళ్లుకుంటా, అది కూడా నీకు లాభమే.

కానీ స్వాల్‌బార్డ్ అయితే ఇద్దరం కలిసి వెళ్లొచ్చు. దానికి వేరే వీసా అక్కర్లేదు, అయితే నార్వే మీదుగానే వెళ్లి రావాలి, స్వాల్‌బార్డ్ షెంగెన్ (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల గుంపు) బయట ఉంది గనక అటు వెళ్తే షెంగెన్ దాటినట్టే లెక్క. తిరిగి రావడానికి రెండుసార్లు ప్రవేశం ఉన్న వీసా ఉండాలి. సింగిల్ ఎంట్రీ వేస్తే వెనక్కి రాలేవు. ఖర్చెంతో ఇక్కడ రాయను, ఉత్తరం మీ ఆవిడ కంటపడితే నాకు మీ ఇంట్లో పెసరట్టు దొరకదు.

ఆ రైఫిలు పిల్ల వచ్చే ఫిబ్రవరి చివర్లో చిన్న గ్రూపు తీసుకెళ్తోంది, ఇంకా సీట్లు ఉన్నాయట. సూట్లు, బూట్లు, హెల్మెట్లు వాళ్లే ఇస్తారు గానీ కొలతలు ముందే కావాలి. నీ ఎత్తు, బరువు (నిజం బరువు), షూ సైజు ఈ వారంలో పంపించు. షూ ఒక సైజు పెద్దదే రాయి, రెండు జతల సాక్సులు వేసుకోవాలి.

నీ
గోపీ