తార్నాక నుంచి అందరికీ థ్యాంక్స్: కాగితం రాయించినవాళ్లకు, చదివినవాళ్లకు

బాగున్నాను, ఇంటికొచ్చేశాను. కుట్లు మానుతున్నాయి, మెత్తగా ఉడికిన పప్పు, పలుచటి మజ్జిగ దిగుతున్నాయి. ఫోన్ చేసిన అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ ఒకేసారి రాస్తున్నాను. మొన్న అర్ధరాత్రి కడుపు నొప్పితో నర్సింగ్ హోమ్‌కి వెళ్లినప్పుడు మా చిన్నోడు చూపించిన ఆ కాగితం ఏంటని చాలామంది అడుగుతున్నారు. నాకు ఏ ఆపరేషన్ అయిందో, ఎమర్జెన్సీలో నాకు ఏం చేయకూడదో రాసిపెట్టుకున్న ఒక్క పేజీ అది, దాని సంగతీ చెప్తాను.

మొదటి నమస్కారం మా గల్లీ ఆటో తమ్ముడికి. అర్ధరాత్రి దాటాక మావాడు తలుపు కొడితే బనీను మీదే వచ్చి బండి తీశాడు. మా ఆయన బెంగళూరు క్యాంపులో ఉన్నారు, ఇంట్లో నేనూ, ఇంటర్ చదివే పిల్లాడూ. "పరేషాన్ గాకక్కా, ఇగో వచ్చేసినం" అంటూనే ప్రతి గుంత దగ్గరా బండి దాదాపు ఆపేసి మెల్లగా దాటించాడు. కిరాయి ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడట. తమ్ముడూ, ఆ బాకీ ఉంది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. నాకు బరువు తగ్గే ఆపరేషన్ అయింది, రూ-ఎన్-వై గ్యాస్ట్రిక్ బైపాస్. పొట్ట పైభాగంలో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని విడదీసి, పేగును వై అక్షరంలా మలిచి దానికి కలుపుతారు. బరువు తగ్గింది, షుగర్ మాత్ర ఆగింది, బీపీ మాత్ర సగమైంది. కానీ ఒంట్లో కొవ్వు కరిగేటప్పుడు పేగులను పట్టి ఉంచే పొరలోని కొవ్వు కూడా కరుగుతుంది. అక్కడ సందులు పెద్దవవుతాయి. ఎప్పుడో ఏడాదికో రెండేళ్లకో ఆ సందులోకి పేగు జారి మెలిపడొచ్చు. దీన్ని ఇంటర్నల్ హెర్నియా అంటారు. మామూలు హెర్నియాలా బయటికి ఉబ్బు కనిపించదు. బొడ్డు చుట్టూ పట్టేసినట్టు నొప్పి, కాసేపు తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. చూసేవాళ్లకు అచ్చం గ్యాస్ నొప్పే. నాకు వచ్చింది అదే.

ఇప్పుడు డ్యూటీ డాక్టరమ్మ గురించి. నా ఒళ్లంతా చెమట, మాట రావట్లేదు. కడుపు నొప్పి అనగానే మన దగ్గర ఎక్కడైనా ముందు ఒక గ్యాస్ ఇంజెక్షన్, ఒక నొప్పి ఇంజెక్షన్ సిద్ధమవుతాయి. సిస్టర్ డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు సిరంజిలోకి లాగేసింది కూడా. మావాడు ప్లాస్టిక్ కవర్లోంచి కాగితం తీసి డాక్టరమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ నిలబడే పైనుంచి కిందికి చదివారు, తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని మళ్లీ చదివారు. సిరంజి పక్కన పెట్టించి పారాసిటమాల్ డ్రిప్ పెట్టించారు. కాగితం కింద ఉన్న నంబరుకు తనే స్వయంగా ఫోన్ చేశారు. అర్ధరాత్రి ఒక పేషెంటు తెచ్చిన కాగితాన్ని అంత శ్రద్ధగా చదివే డాక్టర్లు ఎంతమంది ఉంటారో నాకు తెలియదు. అమ్మా, మీకు వయసులో పెద్దదాన్ని అయినా చెయ్యెత్తి దండం పెడుతున్నాను.

అవతల నాకు ఆపరేషన్ చేసిన సర్జన్ గారు ఒకటే చెప్పారట: సీటీ స్కాన్ తీయండి, అది బాగానే ఉన్నా సరే మా ఆసుపత్రికి పంపించేయండి. ఈ హెర్నియా ఒక్కోసారి స్కాన్‌లో దొరకదు. నా అదృష్టం, పేగు రక్తనాళాలు సుడి తిరిగినట్టు స్పష్టంగా కనిపించాయి. అంబులెన్స్‌లో మెట్టుగూడ, సికింద్రాబాద్, బేగంపేట మీదుగా సోమాజిగూడ. తెల్లారేలోపే లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్) చేసి, జారిన పేగును వెనక్కి లాగి, సందు కుట్టేశారు. పేగు రంగు ఇంకా బాగానే ఉందన్నారు. ఆలస్యమైతే రక్తం అందక పేగు చచ్చిపోతుంది, అప్పుడు ఆ ముక్క కోసి తీసేయాలి. నాకు ఆ అవసరం రాలేదు.

ఇక అసలు థ్యాంక్స్. ఆ కాగితం వెనక ఉన్నది మా డైటీషియన్ మేడమ్. ఆపరేషన్ తర్వాత మొదటి చెకప్‌కి వెళ్లినప్పుడు ప్రొటీన్ ఎంత, నీళ్లు ఎంత అని అడిగి పంపేస్తారనుకుంటే, "మీరు స్పృహలో లేకపోతే మీ గురించి ఎవరు చెప్తారు?" అన్నారు. నేను మా ఆయన పేరు చెప్పాను. "ఆయన ఊళ్లో లేకపోతే?" అన్నారు. అక్కడే కూర్చోబెట్టి రాయించారు. తెల్ల కాగితం మీద బాల్‌పెన్నుతో నా కొత్త పొట్ట బొమ్మ గీశారు: పైన చిన్న సంచి, దానికి తగిలించిన పేగు, పక్కన వాడకంలో లేని పాత పొట్ట, కింద వై కలిసే చోట ఒక చుక్క. డ్యూటీ డాక్టరమ్మ వేలు పెట్టి చూసింది ఆ బొమ్మనేనని మావాడు చెప్పాడు.

రాత అంతా ఒక్క పేజీయే. అన్నిటికన్నా పైన ఆపరేషన్ పేరు, తేదీ, పక్కనే "పొట్టకు, గుండెకు కాదు" అని. దాని కిందే, మందుల కంటే ముందు, చేయకూడనివి ఎర్ర సిరాతో. మేడమ్ ఈ వరస విషయంలో గట్టిగా ఉండేవారు. కంగారులో ఉన్న మనిషి మొదటి నాలుగు లైన్లే చదువుతాడు, అక్కడ బ్లడ్ గ్రూపు రాసి స్థలం దండగ చేయొద్దు, ఎలాగూ వాళ్లు మళ్లీ టెస్టు చేసుకుంటారు అని. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు ఇవ్వొద్దు, సంచికీ పేగుకీ అతుకు వేసిన చోట పుండు పడుతుంది. ముక్కులోంచి పొట్టలోకి ట్యూబు గుడ్డిగా తోయొద్దు, అతుకు చిరగొచ్చు. రోజుల తరబడి వాంతులైతే ఉత్త గ్లూకోజ్ ఎక్కించొద్దు, ముందు థయమిన్ ఇవ్వాలి. ఆ బి1 విటమిన్ అడుగంటినప్పుడు గ్లూకోజ్ ఒక్కటే పడితే మెదడుకే దెబ్బ: తూలడం, కళ్లు సరిగా తిరగకపోవడం, తికమక మాటలు. చివరగా, ఆగి ఆగి వచ్చే కడుపు నొప్పిని గ్యాస్ అనుకోవద్దు, సర్జన్‌కు ఫోన్ చేయండి. నన్ను బతికించిన లైను ఇదే.

ఆ తర్వాతే మందులు, పడని మందులు, ఇంటివాళ్ల నంబర్లు. మల్టీవిటమిన్, ఐరన్, కాల్షియం సిట్రేట్, డి విటమిన్, బి12 ఇంజెక్షన్ ఎప్పుడు పడిందీ. ఆగిపోయిన షుగర్ మాత్ర కూడా "ఆపేశారు" అని రాయాలి. లేకపోతే పాత చీటీ చూసి ఎవరో మళ్లీ మొదలుపెడతారు.

మా ఇంటి ఓనర్ అంకుల్‌ని మర్చిపోతే ఆంటీ ఊరుకోరు. రైల్వేలో చేసి రిటైరైన మనిషి, కాగితమంటే కాగితంలా ఉండాలి ఆయనకు. నా కోడిగీతలు చూసి తనే ఇంగ్లీషులో టైపు చేసి, అక్షరాలు పెద్దవి చేసి ప్రింటు తీశారు. లామినేషన్ చేయిస్తానంటే మాత్రం మేడమ్ వద్దన్నారు, మందులు మారినప్పుడల్లా దిద్దాలి కదా. అందుకే మామూలు ప్లాస్టిక్ కవరు, మూలన పెన్సిల్‌తో దిద్దిన తేదీ. ఒకటి ఫ్రిజ్ తలుపు మీద, ఒకటి నా హ్యాండ్‌బ్యాగులో, ఒకటి స్కూల్లో మా హెచ్‌ఎం గారి టేబుల్ సొరుగులో.

ఫోన్లో పెట్టుకుంటే చాలదా అని ఒక అక్క అడిగారు. పెట్టుకోండి, నేనూ పెట్టుకున్నాను. ఆండ్రాయిడ్‌లో ఎమర్జెన్సీ సమాచారం, ఐఫోన్‌లో మెడికల్ ఐడీ నింపితే, లాక్ తీయకుండానే కనిపించేలా పెట్టుకోవచ్చు. ప్రభుత్వం ఇచ్చే 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరు, అదే ఆభా నంబరు కూడా కాగితం మీద రాసుకున్నాను. కానీ చార్జింగ్ అయిపోయిన ఫోను ఎవరికీ ఏమీ చెప్పదు. ఆ రాత్రి నా ఫోను ఇంట్లో మంచం కిందే ఉండిపోయింది.

ఇంకో మాట, ఇది కొంచెం మొహమాటంగానే. ఈ ఆపరేషన్ సంగతి చుట్టాల దగ్గర దాచేవాళ్లు చాలామంది. నేనూ మా అత్తగారి వైపు చాలాకాలం చెప్పలేదు. "నోరు కట్టుకుంటే పోయేదానికి కడుపు కోయించుకుందట" అనే మాట ఎవరికి వినాలనుంటుంది? ఊరందరికీ చెప్పక్కర్లేదు, మీ ఇష్టం. రాత్రిపూట మీతో ఒకే ఇంట్లో పడుకునే మనిషికి మాత్రం చెప్పి తీరాలి, ఆ కాగితం ఎక్కడుందో కూడా చూపించాలి. మావాడికి మేడమ్ ఒకసారి ఫోన్లోనే లైను లైనూ వివరించారు. వాడికి అప్పుడు విసుగు. బయాలజీ పీరియడ్‌లా ఉందన్నాడు.

కాగితంలో ఇప్పుడు ఇంకో లైను చేరింది: ఇంటర్నల్ హెర్నియా సరిచేశారు, తేదీతో సహా. అంకుల్ కొత్త ప్రింటు తీసిచ్చేశారు. ఈ నమూనా కావాలన్నవాళ్లు అడగండి, ఖాళీది పంపుతాను. నా మందులూ నా లైన్లూ చూసి మాత్రం రాసుకోకండి. బరువు తగ్గడానికే చేసే వేరే ఆపరేషన్లు, అంటే స్లీవ్ చేయించుకున్నవాళ్లకూ, మినీ బైపాస్ వాళ్లకూ కొన్ని వేరుగా ఉంటాయి, మీ సర్జన్ దగ్గరే రాయించుకోండి.