రాయ్ కృష్ణ ఎవరి మనిషి?

బరంపురం

ఒరే సూరీ,

నీ ఉత్తరం అందింది. ‘ఎవర్రా ఈ రాయ్ కృష్ణ, బెంగాలీవాడా?’ అని అడిగి తప్పించుకుందామనుకున్నావు. ఇక కాఫీ పెట్టుకుని కూర్చో.

బెంగాలీ కాదు, ఫిజీ దీవుల ఫుట్‌బాల్ ఆటగాడు. లబాసా అని చెరకు పండే ఊరు, 1987లో అక్కడ పుట్టాడు. 1879 నుంచి 1916 దాకా ఇంగ్లీషువాళ్లు చెరకు తోటల పనికి మన దేశం నుంచి కూలీలను ఓడలెక్కించారు కదా, ఆ సంతతి. కలకత్తా రేవు నుంచి ఓడలు పోయాయి, మద్రాసు నుంచీ పోయాయి, అందులో తెలుగువాళ్లూ ఉన్నారు. అది విన్నప్పటినుంచి మా అమ్మ “అయితే మనోడే” అని తేల్చేసింది. ఆవిడకి పేరులో కృష్ణ ఉంటే చాలు, వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఇరవై ఏళ్లకే న్యూజిలాండ్ వెళ్లి వైటాకెరె యునైటెడ్‌లో చేరాడు. తర్వాత ఆక్లాండ్ సిటీ. 2014 నుంచి వెల్లింగ్టన్ ఫీనిక్స్. అది న్యూజిలాండ్ జట్టే గానీ ఆడేది ఆస్ట్రేలియా లీగులో. అక్కడ 2018-19లో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టాడు. మధ్యలో 2016 రియో ఒలింపిక్స్‌కి ఫిజీ కెప్టెన్‌గా వెళ్లాడు. కొరియా చేతిలో ఎనిమిది, జర్మనీ చేతిలో పది గోల్స్ తిన్న జట్టురా అది! అయినా మెక్సికో మీద మొదటి గోల్ వీడిదే. కాసేపు ఫిజీ ముందంజలో ఉంది, చివరికి 5-1తో పోయిందనుకో.

అంతా చేసి, వేరేవాళ్లు బూట్లు విప్పే వయసులో, 2019లో కలకత్తా వచ్చి అక్కడి ఏటీకే క్లబ్బులో చేరాడు. మొదటి సీజన్‌లోనే 15 గోల్స్, ఐఎస్‌ఎల్ (మన దేశపు ఇండియన్ సూపర్ లీగ్) కప్పు కూడా. కరోనా వల్ల ఆ ఫైనల్ ఖాళీ స్టేడియంలో ఆడించారు, పాపం. అక్కడినుంచి బెంగళూరు. 2023 ఐఎస్‌ఎల్ ఫైనల్‌లో ఎదురొచ్చింది పాత కలకత్తా జట్టే, అప్పటికి మోహన్ బగాన్‌తో కలిసిపోయింది. గోల్ కొట్టి బెంగళూరును ఆధిక్యంలోకి తెచ్చాడు, కానీ పెనాల్టీల్లో కప్పు పోయింది. మరుసటి నెల సూపర్ కప్ ఫైనల్‌లోనూ ఓటమే, ఈసారి మన ఒడిశా ఎఫ్‌సీ చేతిలో. కొన్నాళ్లకి అదే ఒడిశాలో చేరాడు! కలకత్తా మీద బాకీ మాత్రం మర్చిపోలేదు. ఆ నవంబరులో కలకత్తా సాల్ట్ లేక్ స్టేడియంలో మనవాళ్లు మోహన్ బగాన్‌ని 5-2తో చితక్కొట్టినప్పుడు వీడూ ఒకటి వేశాడు.

2024 ఏప్రిల్ సెమీఫైనల్‌కి నేను భువనేశ్వర్ వెళ్లాను. మూడో నిమిషంలోనే బగాన్ గోల్ కొట్టేసరికి గ్యాలరీ అంతా చప్పబడిపోయింది. నా వెనక రాయగడ కుర్రాళ్లు కాబోలు, “ఏటిరా బాబూ ఇది!” అని తల పట్టుకున్నారు. స్కోరు సమమయ్యాక 39వ నిమిషంలో కృష్ణ కొట్టాడు చూడూ, ఒరియాలో అరిచానో తెలుగులో అరిచానో నాకే తెలీదు. 2-1తో గెలిచాం. కలకత్తాలో రెండో మ్యాచ్ 2-0తో ఓడి ఇంటికొచ్చాం, అది వేరే ఏడుపు.

నాకు నవ్వొచ్చేదేంటంటే, అప్పట్లో ఐఎస్‌ఎల్‌లో ఒక్కో జట్టుకి ఒకేసారి నలుగురికి మించి విదేశీయులు మైదానంలో ఉండకూడదు. కృష్ణ అని పేరు, మన రంగు, మన మొహం, అయినా ఆ నలుగురిలో ఒకడు. ఫిజీలో ఇండియన్, ఇండియాలో ఫారిన్ ప్లేయర్. మనకిది కొత్తా చెప్పు? కటక్ వెళ్తే తెలుగోళ్లం, విజయనగరంలో పెళ్లికెళ్తే ఒరియావాళ్లం. మీ పెద్దమామయ్య నా యాసని వెక్కిరించడం ఇంకా మానలేదు. కాకపోతే కృష్ణని ఎవరూ ఏ భాషవాడివని అడగరు, గోల్ కొట్టావా లేదా అంతే. అందుకే వాడంటే నాకు కాస్త కుళ్లు కూడా.

తర్వాతి సీజన్ మధ్యలో మోకాలి లిగమెంట్ తెగింది. అప్పటికి 37 ఏళ్లు. ఆ రోజు అమ్మ అన్నం సరిగా తినలేదంటే నమ్ము.

సరే, సంక్రాంతికి వస్తున్నారా లేదా? టికెట్లు ఇప్పుడే చేయించు, తర్వాత వెయిటింగ్ లిస్టు అని నాకు ఫోన్ చెయ్యకు. మీవాడు ఇంకా బంతి తంతున్నాడా, నువ్వు బ్యాట్ చేతికిచ్చి చెడగొట్టేశావా?

నీ
చిట్టి