ఫోన్ చేసేవాళ్లకీ నేర్పాలి రోడ్డు భద్రత

ఎడిటర్ గారికి నమస్కారం.

ఏటా జనవరిలో రోడ్డు భద్రత మాసోత్సవాలు పెడతారు. ర్యాలీలు తీస్తారు, పిల్లల చేత ప్లకార్డులు పట్టిస్తారు, సెల్ మాట్లాడుతూ బండి నడపొద్దని మైకులో చెబుతారు. మంచిదే. కానీ చెప్పేదంతా నడిపేవాడికే చెబుతున్నారు. ఆ టైంలో వాడికి ఫోన్ చేసేది ఎవరు? ఇంట్లోవాళ్లం, ఆఫీసులో పైవాళ్లు, ఆర్డర్ ఇంకా రాలేదని గోల పెట్టే కస్టమర్లు. మనకి మాత్రం ఎవరూ ఏమీ చెప్పరు.

విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర సాయంత్రం పూట కాసేపు నిలబడి చూడండి. హెల్మెట్‌లోకి ఫోన్ దోపుకుని మాట్లాడుతూ పోయేవాళ్లు కొందరు, హెల్మెట్ లేనివాళ్లయితే తల పక్కకి వంచి, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ నొక్కిపట్టి, ఆ వంకర మెడతోనే లారీ పక్క నుంచి దూరిపోతుంటారు. అద్దం చూసుకునే వీలుండదు, వెనక హారన్ కొట్టినా ధ్యాస ఉండదు. స్కూలు పిల్లల్ని కుక్కిన ఆటోల్లో కూడా హ్యాండిల్ దగ్గర బిగించిన ఫోన్‌లో వీడియోలు నడుస్తుంటాయి, దారి చూపే మ్యాప్ కూడా కాదు, రీల్స్. అది చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది.

గంటకి 60 కిలోమీటర్ల మీద వెళ్లే బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎవరు చేశారో అని మూడు సెకన్లు స్క్రీన్ వంక చూస్తే 50 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. బ్లూటూత్ ఉందిగా అంటారు, కానీ చేతులు ఖాళీగా ఉన్నా మనసు మాటల్లోనే ఉంటుంది కదా. ఫోన్ వాడుతూ నడిపేవాళ్లకి ప్రమాదం జరిగే అవకాశం దాదాపు నాలుగు రెట్లు ఎక్కువని, హ్యాండ్స్‌ఫ్రీ అయినా పెద్ద తేడా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది.

చట్టం గట్టిదే. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ఫోన్ చేత్తో పట్టుకుని నడిపితే వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే ఇంకా ఎక్కువ. అయినా పోలీసు కనబడగానే ఫోన్ జేబులోకి పోతుంది, మలుపు తిరిగాక మళ్లీ చెవి దగ్గరికి వస్తుంది.

అందుకే ఇంటి దగ్గర మొదలుపెట్టాలంటున్నాను. ఫోన్ ఎత్తకపోతే టెన్షన్ పడిపోయి వెంటవెంటనే నాలుగుసార్లు చేసేది మనమే, అవతల మనిషి హైవే మీద ఉన్నాడని తెలిసి కూడా. ఎత్తగానే "బండి మీదున్నావా, అయితే పెట్టేయ్, ఆగాక చెయ్యి" అనడం స్కూల్లో పిల్లలకి నేర్పితే చాలు, ఇంట్లో పెద్దవాళ్లకి వాళ్లే నేర్పుతారు. డ్రైవింగ్‌లో ఉన్నానని దానంతటదే మెసేజ్ పంపే సెట్టింగ్ కొన్ని ఫోన్లలో ఉంది. లెర్నింగ్ లైసెన్స్‌కి వచ్చినవాళ్ల చేత రవాణా శాఖ ఆఫీసులోనే అది ఆన్ చేయించొచ్చు, ఐదు నిమిషాల పని. కంపెనీలూ, కొరియర్, ఫుడ్ డెలివరీ వాళ్లూ బండి మీదున్న మనిషికి ఫోన్ చేయకూడదని రూల్ పెట్టుకోవాలి. తెలంగాణ ఆర్టీసీ 2025లో కొన్ని డిపోల్లో డ్యూటీలో ఉన్న డ్రైవర్ల దగ్గర ఫోన్ ఉండకూడదని పెట్టింది, మన దగ్గర స్కూలు బస్సులకీ ఆటోలకీ అదే ఎందుకు పెట్టకూడదు?

మీ పత్రికకి కూడా ఒక విన్నపం. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు, అందులో నూటికి డెబ్బై అతివేగం పద్దు కిందే రాశారు. ఆ టైంలో చేతిలో ఫోన్ ఉందా అని ఎన్ని కేసుల్లో చూశారు? మీ జిల్లా పేజీల్లో ప్రమాద వార్త వేసేటప్పుడు కాల్ రికార్డు చూశారా అని మీ విలేకరి చేత పోలీసుల్ని అడిగించండి, చూడలేదంటే ఆ మాటే అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, మంగళగిరి