పిల్లుల ఫ్లీ మందులు: ఇకపై మా షాపులో ఏవి ఇస్తాం, ఏవి ఇవ్వం

మా కస్టమర్లందరికీ నమస్తే.

ఈ మధ్య షాపుకి వచ్చినవాళ్లు ఒక మార్పు గమనించే ఉంటారు. ఫ్లీ మందులు, అంటే పిల్లుల, కుక్కల బొచ్చులో చేరి రక్తం తాగే ఫ్లీస్ అనే చిన్న పురుగుల్ని చంపే మందులు, ఇదివరకు మీ చేతికందే అరల్లో ఉండేవి. ఇప్పుడు కౌంటర్ వెనక్కి వెళ్లాయి. అడిగితేనే తీసి ఇస్తున్నాం, అడిగాక కూడా ముందు మేమే నాలుగు ప్రశ్నలు వేస్తున్నాం. ఇది కొందరికి చిరాకుగా ఉందని తెలుసు. "డబ్బులిచ్చి కొనుక్కోవడానికి ఈ ఇంటర్వ్యూ ఏంటండీ" అని ఒకాయన మొహం మీదే అడిగారు. న్యాయమైన ప్రశ్నే, జవాబు చెప్పాలి.

మమ్మల్ని ఎక్కువమంది అడిగేది ఇదీ: "కుక్కకి తెచ్చిన మందు ఇంట్లో ఉంది, పిల్లికి అందులో సగం వేస్తే చాలు కదా?" పెద్ద ప్యాక్ కొని పంచుకుంటే కలిసొస్తుందన్న లెక్క అది. మామూలు వస్తువుల్లో ఆ లెక్క సరైనదే. ఇక్కడ మాత్రం పిల్లి ప్రాణం మీదికి వస్తుంది. సగం కాదు, పావు వంతు కూడా వద్దు.

కుక్కల మెడ మీద వేసే చుక్కల మందుల్లో చాలావాటిలో పెర్మెత్రిన్ అనే రసాయనం ఉంటుంది, కొన్నిటిలో 45 శాతానికి పైనే. కుక్క కాలేయం దాన్ని మార్చి బయటికి పంపేస్తుంది. ఆ పనికి కావలసిన ఎంజైములు పిల్లిలో బాగా తక్కువ. దాంతో మందు ఒంట్లోనే ఉండిపోయి నరాల మీద పనిచేస్తుంది. చెవులు, చర్మం అదరడం, చొంగ కారడం, నడక తూలడం, ఒళ్లంతా వణకడం, చివరికి ఫిట్స్. ఇవి కొన్ని గంటల్లోనే మొదలుకావచ్చు, ఒక్కోసారి మర్నాటికో ఆ మర్నాటికో బయటపడతాయి. "రాత్రి వేశాను, పొద్దున బాగానే ఉంది" అని ధీమా పడటానికి లేదు.

పిల్లికి నేరుగా వేయకపోయినా ప్రమాదం ఉంది. కుక్కకి ఆ మందు వేసిన రోజు రాత్రి పిల్లి వెళ్లి దాన్ని ఆనుకుని పడుకుంటే, దాని మెడ నాకితే చాలు. అందుకే "ఇంట్లో కుక్క కూడా ఉందా?" అని అడుగుతున్నాం. ఉంటే కుక్కకి కూడా పెర్మెత్రిన్ లేని మందే ఇస్తాం. ఇప్పటికే వేసేసి ఉంటే కనీసం 72 గంటలు రెండిటినీ వేరు వేరు గదుల్లో ఉంచండి.

పొరపాటున పిల్లి మీద పడిందనుకోండి. ఇంకా వణుకు మొదలవకపోతే గోరువెచ్చని నీళ్లతో, గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగి, తుడిచి, చలి తగలకుండా టవల్ చుట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. వేడి నీళ్లు వద్దు. ఇంటి వైద్యం పేరుతో పాలు, నూనె పట్టకండి, వాంతి చేయించకండి. వణుకు, ఫిట్స్ మొదలైపోతే స్నానం సంగతి వదిలేసి వెంటనే బయల్దేరండి. మందు ప్యాక్ మాత్రం మర్చిపోకండి, డాక్టర్ మొదట అడిగేది అదే. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. వణుకు ఆపే మందులిచ్చి, సెలైన్ పెట్టి, ఒంటి వేడిని అదుపులో ఉంచుతారు. వేళకి చేర్చిన పిల్లులు చాలావరకు కోలుకుంటాయి. అయితే ఆ రెండు మూడు రోజులు ఇంటిల్లిపాదికీ మామూలు టెన్షన్ కాదు.

ప్యాక్ ముందువైపు ఉండే బొమ్మని, పేరుని నమ్ముకోకండి. ఫిప్రోనిల్ అనే మందు పిల్లులకు తగిన మోతాదులో పిల్లుల ప్యాక్‌లలోనే వస్తుంది. కుక్కల ప్యాక్‌లు కొన్నిటిలో అదే ఫిప్రోనిల్‌తో పాటు పెర్మెత్రిన్ కూడా కలుపుతారు. "మా పిల్లికి ఫిప్రోనిల్ పడింది, ఇదీ అదే కదా" అని తీసుకెళ్తే పెద్ద ప్రమాదమే. వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లన్నీ చదవండి. చివర "త్రిన్" అని కనిపిస్తే ఆగి అడగండి. అలాగని త్రిన్ ఉన్న ప్రతిదీ విషం కాదు. ఫ్లుమెత్రిన్ ఉన్న ఒక రకం కాలర్‌ని పిల్లులకు కూడా ఆమోదించారు, డాక్టర్ చెప్పి వాడుతున్నవాళ్లు ఇది చదివి భయపడి తీసి పారేయకండి. అమిట్రాజ్ ఉన్న పిడుదుల కాలర్లు మాత్రం కుక్కలకే.

ఇక మేం పూర్తిగా తీసేసినవి. "నేచురల్" అని రాసి ఉన్న నూనెల స్ప్రేలు, చుక్కలు. దాచుకోవడం ఎందుకు, మాకు మంచి లాభం వచ్చిన సరుకు అది. ఆకుల బొమ్మ ఉంటే చాలు, అడక్కుండానే కొనేవారు. కానీ టీ ట్రీ నూనె, లవంగ నూనె, నిమ్మజాతి తొక్కల నూనెలు, కర్పూరం, ఇవన్నీ పిల్లికి హాని చేసేవే. పిల్లి రోజంతా ఒళ్లు నాక్కుంటూనే ఉంటుంది కాబట్టి బొచ్చు మీద వేసింది ఏదైనా చివరికి కడుపులోకే చేరుతుంది. చెట్టు నుంచి వచ్చిందా, ఫ్యాక్టరీ నుంచి వచ్చిందా అన్నది దాని కాలేయం చూడదు. వెల్లుల్లి తినిపిస్తే ఫ్లీస్ పోతాయని కూడా కొందరు చెబుతుంటారు. వెల్లుల్లి పిల్లి రక్తంలోని ఎర్ర కణాలను దెబ్బతీస్తుంది. శబ్దంతో ఫ్లీస్‌ని తరిమేస్తామనే కాలర్లు కూడా తీసేశాం. వాటివల్ల హాని లేదు, ఉపయోగమూ లేదు.

మిగిలినవి కొన్నే. ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ చుక్కలు, పిల్లుల ప్యాక్‌లు మాత్రమే. సెలమెక్టిన్‌కి, ఫ్లూరలానర్ లాంటి కొత్త మందులకి డాక్టర్ చీటీ తెమ్మంటున్నాం. ఈ కొత్త మందులు బాగా పనిచేస్తాయి. ఐతే కొన్ని జంతువుల్లో ఫిట్స్ రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది. ఇంతకుముందు ఫిట్స్ వచ్చిన పిల్లికి ఏది ఇవ్వాలో చెప్పే చదువు మాకు లేదు, ఆ మాట డాక్టరే చెప్పాలి. అన్నట్టు, ఇంట్లో కుందేలు ఉంటే ఫిప్రోనిల్ దాని దగ్గరికి రానివ్వకండి.

బరువు, వయసు అడగడం కూడా ఊరికే కాదు. ఎనిమిది వారాలు నిండని పిల్లి కూనలకు చాలా మందులు పనికిరావు. అలాంటి కూనల్ని పెంచేవాళ్లకి మేం మందు బదులు సన్న పళ్ల ఫ్లీ దువ్వెన చేతిలో పెట్టి పంపుతున్నాం. కూన చిగుళ్లు పాలిపోయి, మందకొడిగా ఉంటే మాత్రం దువ్వెనతో కాలక్షేపం చేయకండి. ఫ్లీస్ ఎక్కువైతే చిన్న కూనలకు ప్రాణాంతకమయ్యేంత రక్తహీనత వస్తుంది. కడుపుతో ఉన్న, పాలిస్తున్న పిల్లుల విషయంలో కూడా డాక్టర్‌నే అడగండి.

అసలు ఉన్నవి ఫ్లీసేనా అన్నది ముందు తేల్చుకోండి. దువ్వినప్పుడు రాలిన నల్లటి నలుసుల్ని తడి టిష్యూ మీద వేయండి. చుట్టూ ఎర్రటి గోధుమరంగు దిగితే అది ఫ్లీస్ విసర్జించిన రక్తం. రంగు దిగకపోతే చాలావరకు మట్టే.

"మీ మందు పనిచేయలేదు" అనే ఫిర్యాదులు మాకు బాగానే వస్తుంటాయి. వాటిలో కొన్ని నిజమే, చర్మానికి తగలకుండా బొచ్చు మీద వేసి ఉంటారు, లేదా వేసిన వెంటనే స్నానం చేయించి ఉంటారు. ఎక్కువ భాగం మాత్రం ఇంటి సమస్య. మీకు పిల్లి మీద కనిపించే పెద్ద పురుగులు మొత్తంలో దాదాపు 5 శాతమే. ఒక ఆడ పురుగు రోజుకి 40 గుడ్ల దాకా పెడుతుంది. అవి పిల్లి ఒంటి నుంచి జారి పరుపుల్లో, తివాచీల్లో, సోఫా సందుల్లో పడతాయి. ఆ గుడ్లలోంచి వచ్చిన పురుగు పిల్లలు గూడు కట్టుకున్నాక లోపలికి ఏ మందూ సరిగ్గా వెళ్లదు. నెలల తరబడి అలాగే ఉండి, అడుగుల చప్పుడో వెచ్చదనమో తగలగానే బయటికి దూకుతాయి.

కాబట్టి మందు వేసిన రెండు వారాలకి మళ్లీ ఫ్లీస్ కనిపిస్తే, గడువు రాకుండానే ఇంకో డోస్ వేయకండి. దయచేసి మా దగ్గర ఇంకో ప్యాక్ కూడా కొనకండి. రోజూ వాక్యూమ్ చేయండి, పిల్లి పడుకునే గుడ్డల్ని 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకండి, ఇంట్లోని పిల్లులకూ కుక్కలకూ ఒకేసారి, దేనికి తగిన మందు దానికి వేయండి, చెప్పిన గడువు ప్రకారం కనీసం మూడు నెలలు కొనసాగించండి. ఇంటికి కొట్టే స్ప్రేల్లో కూడా పెర్మెత్రిన్ ఉండొచ్చు. కొట్టాక అంతా ఆరి, గాలి ఆడేదాకా పిల్లిని లోపలికి రానివ్వకండి. చేపల తొట్టి ఉంటే దాన్ని మూసి, గాలి పంపు ఆపేయండి.

ఈ మార్పు వల్ల మా అమ్మకాలు తగ్గాయి, ఇంకొంచెం తగ్గొచ్చు కూడా. ఫోన్‌లో ఆర్డర్ ఇచ్చేవాళ్లు పిల్లి బరువు, వయసు, ఇంట్లో ఇంకేం జంతువులు ఉన్నాయో చెప్పాలి, లేకపోతే ప్యాక్ పంపం. సీల్ తీయని ప్యాక్ ఏదైనా మీ పిల్లికి సరిపడదని తేలితే వెనక్కి తీసుకుంటాం. కుక్కల మందు పిల్లి కోసం కొన్నవాళ్లు ఉంటే, అది వేరే చోట కొన్నదైనా సరే, తెచ్చి చూపించండి, లేబుల్ కలిసి చదువుదాం. తూకం మిషన్ కౌంటర్ పక్కనే పెట్టాం, ఉచితం. పిల్లిని బుట్టలోనే తీసుకురండి, బుట్టతో సహా తూచి ఖాళీ బుట్ట బరువు తీసేస్తాం. షాపులోకి కుక్కలు కూడా వస్తుంటాయి కాబట్టి మూత మాత్రం తీయకండి.