బస్సు అడిగిన పాస్టరు

ప్రియమైన రమణా,

ఎలా ఉన్నావు? దేవుడి మీద నమ్మకం మనుషులకి అణిగిమణిగి ఉండటమే నేర్పుతుంది, హక్కుల కోసం ఎక్కడ నిలబెట్టింది అని రాశావు కదా, ఆ మాట నన్ను వదల్లేదు. నీకు జోసెఫ్ డిలేన్ గురించి చెప్పాలి. అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రం, క్లారెండన్ కౌంటీలో పాస్టరు, స్కూలు టీచరు కూడా. మార్టిన్ లూథర్ కింగ్ పేరు ఇంకా ఎవరికీ తెలియని రోజులవి.

గొడవ స్కూలు బస్సు దగ్గర మొదలైంది. ఆ కౌంటీలో తెల్లపిల్లలకి 30 బస్సులు, నల్లపిల్లలకి ఒక్కటీ లేదు. కొందరు పిల్లలు పోను తొమ్మిది మైళ్లు, రాను తొమ్మిది మైళ్లు నడిచేవాళ్లు. తల్లిదండ్రులే చందాలేసుకుని ఒక పాత బస్సు కొంటే అది మాటిమాటికీ ఆగిపోయేది. సాయం చెయ్యమని స్కూలు అధికారుల్ని అడిగితే, మీరు కట్టే పన్నులెంత అన్నారు. 1949-50లో అక్కడ తెల్లపిల్లవాడి చదువుకి 179 డాలర్లు ఖర్చు పెడితే నల్లపిల్లవాడికి పెట్టింది 43. ఆ పిల్లలకి దక్కాల్సింది లాక్కుని, పైగా పన్నుల లెక్క చెప్పడం! ఇప్పుడు చదివినా నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకో సంగతి విను. వాళ్లకి బస్సు ఇవ్వనన్న స్కూళ్ల సూపరింటెండెంటూ పాస్టరే, ప్రెస్బిటేరియన్ చర్చిలో. ఇద్దరూ చదివేది ఒకే బైబిలు. అందుకే నమ్మకం మంచిదా చెడ్డదా అని మొత్తంగా తేల్చెయ్యడం నాకు చేతకాదు. ఆ నమ్మకం కోసం ఎవరు ఏం పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డారో అదే చూస్తాను.

లెవీ పియర్సన్ అనే నల్ల రైతు 1948లో బస్సు కోసం కేసు వేశాడు. నీ పొలం పన్ను వేరే స్కూలు డిస్ట్రిక్టులో కడుతున్నావని కొట్టేశారు. ఆయనకి అప్పులు పుట్టకుండా చేశారు. అయినా డిలేన్ ఊరుకోలేదు. ఈసారి బస్సొక్కటే కాదు, అన్నీ సమానంగా కావాలని పిటిషన్ రాయించాడు. 1949 నవంబరులో సమ్మర్టన్‌లో హ్యారీ, ఎలైజా బ్రిగ్స్ దంపతుల ఇంట్లో జనం వరసగా సంతకాలు పెట్టారు. హ్యారీ పెట్రోలు బంకులో పనివాడు. క్రిస్మస్ ముందురోజు యజమాని ఆయన చేతిలో ఒక సిగరెట్ల కార్టన్ పెట్టి పనిలోంచి తీసేశాడు. ఎలైజా మోటెల్లో పనిమనిషి, ఆమె ఉద్యోగమూ పోయింది. ఇంట్లో ఐదుగురు పిల్లలు. అయినా వాళ్లు సంతకం వెనక్కి తీసుకోలేదు, రమణా!

ఇంత ధైర్యం ఎక్కడిదంటే, నా మటుకు నాకు సగం జవాబు వాళ్ల చర్చి ఎలా పుట్టిందన్న దాంట్లోనే ఉంది. డిలేన్‌ది ఏఎంఈ, అంటే ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చి. అది 1816లో నల్లవాళ్లు తెల్లవాళ్ల చర్చిల్లో అవమానాలు పడలేక సొంతంగా పెట్టుకున్నది. ఉద్యోగం, అప్పు, పొలం అన్నీ తెల్లవాళ్ల చేతిలో ఉన్న చోట, ఎవరినీ అడక్కుండా తలుపు తీసి మీటింగు పెట్టుకోగలిగిన జాగా అదొక్కటే. డిలేన్‌ని టీచరు ఉద్యోగం నుంచి తీసెయ్యగలిగారు గానీ పాస్టరుగా తీసెయ్యడం వాళ్ల వల్ల కాలేదు.

ఆ పిటిషనే చివరికి కేసయింది. నల్లవాళ్ల హక్కుల లాయరు థర్‌గుడ్ మార్షల్ వాదించినా 1951లో ముగ్గురు జడ్జిల ముందు 2-1తో ఓడిపోయారు. ఆ ఒక్కడు జడ్జి వేరింగ్. రంగుని బట్టి పిల్లల్ని వేరు చెయ్యడమే అసమానత అని భిన్నాభిప్రాయం రాశాడు. మూడేళ్లకి, 1954 మే 17న, సుప్రీంకోర్టు ఈ కేసునీ మరికొన్నిటినీ కలిపి ఇచ్చిన తీర్పులో ఆ మాటే నెగ్గింది. తీర్పుకి పేరు మాత్రం అలా కలిపిన వాటిలో ఇంకో కేసు వేసిన బ్రౌన్‌ది. ఆ ఆలివర్ బ్రౌన్ కూడా కాన్సాస్‌లో ఏఎంఈ చర్చి సహాయ పాస్టరే.

డిలేన్ సంగతి చెప్పనా? 1951లో ఆయన ఇల్లు తగలబడుతుంటే, ఊరి హద్దు దాటి ఉందని ఫైరింజన్ వాళ్లు చూస్తూ నిలబడ్డారు. 1955లో లేక్ సిటీలో ఆయన చర్చిని కాల్చేశారు. ఇంటి మీద కాల్పులు జరిపితే ఆయనా తిరిగి కాల్చాడు. పాస్టరు తుపాకీ పట్టొచ్చా అని నువ్వు తప్పకుండా అడుగుతావు. లోపల పెళ్లాం ఉన్నప్పుడు పట్టొచ్చనే నేనంటాను. ఆ రాత్రే రాష్ట్రం వదిలి పారిపోయాడు. ఆయన మీదే వారెంట్ వేశారు! 1974లో చనిపోయేదాకా అది అలాగే ఉంది, 2000లో గానీ కొట్టెయ్యలేదు. 2004లో ఆయనకీ, బ్రిగ్స్ దంపతులకీ, పియర్సన్‌కీ కాంగ్రెస్ (అంటే అమెరికా పార్లమెంటు) బంగారు పతకం ఇచ్చారు. అందుకోడానికి నలుగురిలో ఒక్కరూ బతికి లేరు.

వర్జీనియా రాష్ట్రంలో తెల్ల, నల్ల పిల్లల్ని కలిపి కూర్చోబెట్టడం ఇష్టం లేక ఒక కౌంటీ ఏకంగా ప్రభుత్వ స్కూళ్లన్నీ ఐదేళ్లు మూసేసింది. అక్కడా ఒక పాస్టరు ఉన్నాడు. ఆ కథ వచ్చే ఉత్తరంలో రాస్తాను. ఈలోగా నీ వాదన ఏమిటో వివరంగా రాయి, ఒప్పుకోకపోతే ఎందుకో కూడా.

నీ
సుధాకర్