డ్రైవర్ లేని కారు ముందు రోడ్డు దాటేదెలా? రవాణా అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన నగర రవాణా అధికారి గారికి,

నమస్కారం. ఇదే విషయమై మీకు ఇంగ్లీషులో రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. అందుకే అమెరికాలో ఉంటున్న మా తెలుగువాళ్లందరి ముందు ఈ లేఖ పెడుతున్నాను. ఇంగ్లీషు ప్రతి మీకు విడిగా పంపాను.

మా అమ్మకు 72 ఏళ్లు. గుంటూరులో ఎంత రద్దీలోనైనా డ్రైవర్ ముఖం చూసి, చెయ్యి అడ్డంపెట్టి రోడ్డు దాటేది. ఇక్కడ ఖాళీ సీటుతో కారు వచ్చి ఆగితే ఎవరి వంక చూడాలో ఆమెకు తెలియడం లేదు. గుడికి నడిచి వెళ్లడమే మానేసింది. "అది నన్ను చూసిందని నాకెలా తెలుస్తుందిరా?" అంటుంది. నా దగ్గర సమాధానం లేదు.

ఇది చాదస్తం కాదు. 2023 అక్టోబర్ 2న శాన్‌ఫ్రాన్సిస్కోలో, వేరే కారు ఢీకొట్టడంతో తన ముందు పడిన మహిళను క్రూజ్ అనే కంపెనీకి చెందిన డ్రైవర్ లేని ట్యాక్సీ సుమారు 20 అడుగులు ఈడ్చుకెళ్లింది. ఆ సంగతి అధికారులకు మొదట్లోనే పూర్తిగా చెప్పకపోవడం జనం నమ్మకాన్ని ఇంకా దెబ్బతీసిందని నా అభిప్రాయం. ఇక హ్యాకింగ్. 2015లో ఇద్దరు పరిశోధకులు నడుస్తున్న జీప్‌ను దూరం నుంచే అదుపులోకి తీసుకున్నాక, కంపెనీ 14 లక్షల వాహనాలను వెనక్కి పిలిచింది. అందులో డ్రైవరైనా ఉన్నాడు!

మనుషులు నడిపే కార్లూ ప్రాణాలు తీస్తున్నాయి, కాదనను. నేను నిషేధం కోరడం లేదు. మన నగరంలో ఈ కార్లకు జరిగే ప్రతి ప్రమాదం వివరాలూ 30 రోజుల్లోపు మామూలు మనిషికి అర్థమయ్యే మాటల్లో ప్రకటించండి. హ్యాకింగ్‌పై భద్రతా పరీక్షలు ఎవరు చేశారో చెప్పండి. పాదచారిని గుర్తించానని బయటికి తెలిపే లైటు ప్రతి కారుకూ ఉండేలా చూడండి.

మీ జవాబు కూడా అందరికీ కనిపించేలా ఇవ్వాలని కోరుతూ,

భవదీయుడు,
ఒక నగరవాసి