నాస్తికుల గ్రూపులు నాలుగు, పాడె పట్టడానికి నలుగురు లేరు

సంపాదకులు గారికి,

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నాస్తికులు, హేతువాదులు పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులు పెరుగుతున్నాయి. కొత్తవాళ్ళు వచ్చి పెరగడం లేదు, ఉన్నవే చీలి పెరుగుతున్నాయి. ఒక గ్రూపులోంచి పదిమందిని తీసేస్తారు. తెల్లారేసరికి ఆ పదిమంది ఇంకో గ్రూపు పెడతారు. పాత గ్రూపులో ఎవరు ఎవరిని ఏమన్నారో ఆ స్క్రీన్‌షాట్లే కొత్త గ్రూపులో మొదటి పోస్టులు. రెండింట్లోనూ సగంమంది వాళ్ళే గనక ఇక్కడి మాట అక్కడికి చేరడానికి ఐదు నిమిషాలు పట్టదు. ఈ తగవులకు సిద్ధాంత భేదాలని పేరు పెడుతున్నారు. భేదాలు ఉన్నమాట నిజమే. కానీ అవి గ్రూపు విరిగేదాకా పోతున్నాయంటే కారణం ఒకటుంది. మనకు కలిసి మాట్లాడుకునే చోటుంది గానీ కలిసి చేసే పని లేదు. చావు దగ్గర, పెళ్ళి దగ్గర అసలే లేదు.

దేవుడు లేడన్న ఒక్కమాట మీద చేరినవాళ్ళు మిగతా అన్నిట్లోనూ ఒక్కమాట మీద ఉండరు. మార్క్సిస్టు ఉంటాడు, అంబేడ్కర్ బాటలో వచ్చినవాడు ఉంటాడు, ఎం.ఎన్. రాయ్ మానవవాదం చదివి వచ్చినవాడు ఉంటాడు, గోరా (గోపరాజు రామచంద్రరావు) గారి నాస్తికత్వంతో మొదలైనవాడు ఉంటాడు. దేవుడి సంగతి తేలితే కులం దానంతటదే పోతుందని ఒకరంటే, కులం సంగతి తేల్చకుండా దేవుడి మీద ఎన్ని ఉపన్యాసాలిచ్చినా దండగేనని ఇంకొకరంటారు. ఇవి నిన్న మొన్న పుట్టిన వాదాలు కావు. రాయ్ అనుచరులు హేతువాదం, మానవవాదం అన్న పేర్లు పెట్టుకుంటే, గోరా నాస్తికత్వం అన్న మాటనే గట్టిగా పట్టుకున్నారు. అయినా వాళ్ళకు నిలబడడానికి ఒక చోటు, కలిసి చేసే పని ఉండేవి. గోరా, సరస్వతి గోరా దంపతులు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది విజయవాడకు మారింది. అన్ని కులాల వాళ్ళనీ ఒకే వరుసలో కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు పెట్టారు. 1948 మార్చిలో వాళ్ళ పెద్దమ్మాయి పెళ్ళి సేవాగ్రాంలో దళిత యువకుడితో జరిగింది. మన వైపున నాగండ్లలో రావిపూడి వెంకటాద్రి గారు 1943లో కవిరాజాశ్రమం అనే హేతువాద సంఘం పెట్టారు, తర్వాత చీరాల నుంచి ‘హేతువాది’ పత్రికను దశాబ్దాలు నడిపారు. పత్రికలో ఒకరి వ్యాసానికి జవాబు అచ్చు కావాలంటే నెల పట్టేది. ఆ నెలలో కోపం తగ్గేది, వాదన మిగిలేది. ఇప్పుడు రాత్రి పదకొండింటికి పెట్టిన పోస్టుకు పదకొండూ ఒకటికి జవాబు వస్తోంది.

ఈ జబ్బు మనకొక్కరికే లేదు. అమెరికాలో 2012 మార్చి 24న వాషింగ్టన్‌లో వానలో తడుస్తూ వేలమంది నాస్తికులు ఒక సభ జరుపుకున్నారు. అప్పటికే లోపల పుండు ఉంది. 2011లో డబ్లిన్‌లో నాస్తికుల సదస్సుకు వెళ్ళినప్పుడు లిఫ్టులో తనతో ఒకాయన ప్రవర్తించిన తీరు గురించి రెబెకా వాట్సన్ అనే రచయిత్రి ‘మగవాళ్ళు ఇలా చేయకండి’ అని మాత్రమే చెప్పారు. దాని మీద ఏళ్ళ తరబడి తిట్లు, బెదిరింపులు సాగాయి. 2012 ఆగస్టులో, నాస్తికత్వంతోపాటు స్త్రీల సమానత్వం, సామాజిక న్యాయం కూడా మా పనేనంటూ ‘ఏథియిజం ప్లస్’ పేరుతో కొందరు విడిగా నిలబడ్డారు. కొన్నేళ్ళలో అదీ చల్లబడింది. అక్కడ ఆడవాళ్ళ మాట, ఇక్కడ కులం మాట. దేవుణ్ణి కాదన్న తర్వాత ఇంకేం కావాలో ముందే మాట్లాడుకోకపోవడమే రెండుచోట్లా తప్పు.

మన దగ్గర గొడవ ఎలా ముదురుతుందో నెల్లూరు రొట్టెల పండగ నాటి పోస్టుల్లో చూడవచ్చు. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో నిలబడి ఒకరు ఆరోగ్య రొట్టె, ఒకరు సంతాన రొట్టె, ఒకరు వీసా రొట్టె మార్చుకుంటున్న ఫొటో ఎవరో గ్రూపులో పెడతారు. అన్ని మతాలవాళ్ళూ కలిసే చోటు, దాన్ని ముట్టుకోవద్దని ఒకరు. జొన్నవాడ గుడిలో పిల్లల కోసం ఆడవాళ్ళు తీసుకునే కొడిముద్దల ప్రసాదాన్ని మూఢనమ్మకమని రాసినవాళ్ళం దీన్ని ఎందుకు వదలాలని ఇంకొకరు. రెండు ప్రశ్నలూ న్యాయమైనవే, రెండిటికీ జవాబుంది. మనుషులు కలవడాన్ని మెచ్చుకోవచ్చు, రొట్టెతో వీసా రాదనీ చెప్పవచ్చు. కానీ మూడో పోస్టుకే ‘నువ్వు ఏ పార్టీవో తెలుసులే’ అని, నాలుగో పోస్టుకు ఇంటిపేరు పట్టుకుని కులం తీస్తారు. అక్కడ విషయం చచ్చిపోతుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డప్పుడు వాళ్ళకు అక్షరాలు నేర్పిన ఉద్యమంలో సైన్సు ప్రచారం చేసే జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలున్నారు. పలక పట్టిన ఆ తల్లులను దేవుడున్నాడా లేడా అని ఎవరూ పరీక్ష పెట్టలేదు.

గ్రూపు నడిపేవాళ్ళు చేయదగినవి కొన్ని ఉన్నాయి. గ్రూపులు రెండు ఉండాలి. ఒకటి పనుల గ్రూపు, అందులో అడ్మిన్లు మాత్రమే పోస్టు పెట్టేలా సెట్టింగు పెట్టాలి: ఎవరు చనిపోయారు, ఎవరికి రక్తం కావాలి, సభ ఎక్కడ. రెండోది చర్చల గ్రూపు. చర్చల గ్రూపులోంచి తీసేసిన మనిషిని పనుల గ్రూపులోంచి ఎట్టి పరిస్థితిలోనూ తీయకూడదు. రెండూ ఒకటే అయినచోట, వాదనలో ఓడినవాడికి అదే రాత్రి తోడు కూడా పోతోంది, అందుకే పగ పడుతున్నాడు. మాట వ్యక్తి మీదకు మళ్ళగానే చర్చల గ్రూపును 24 గంటలు మూయాలి. ఎవరిది తప్పో ఆ క్షణాన తేల్చకూడదు. ఫిర్యాదు వినడానికి ముగ్గురు చాలు. అందులో ఒక్కరైనా స్త్రీ ఉండాలి, ముగ్గురూ ఒకే కులం వాళ్ళు కాకూడదు, ఒకరు వేరే ఊరివాళ్ళయితే మేలు. వారంలోపు ఇద్దరి మాటా విని, ఐదారు వాక్యాల్లో తీర్పు రాసి ఇద్దరికీ ఇవ్వాలి. తీసేయడమంటే 30 రోజులు, శాశ్వతంగా కాదు. ఒక్క విషయంలో మాత్రం ఈ మెత్తదనం పనికిరాదు. ఒక ఆడమనిషి తనకు వచ్చిన మెసేజీ గురించి ఫిర్యాదు చేస్తే అది గ్రూపులో చర్చకు పెట్టకూడదు, స్క్రీన్‌షాటు చేతులు మారకూడదు, ‘ఉద్యమానికి చెడ్డపేరు’ అని నోరు నొక్కకూడదు. ఆమె పోలీసుల దగ్గరకు వెళ్తానంటే వెంట నడవాలి. మన గ్రూపుల్లో ఆడవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే మిగలడానికి ఇది జరగకపోవడమే కారణం.

చట్టం సంగతి కూడా అడ్మిన్లకు తెలిసి ఉండాలి. మత విశ్వాసాలను కావాలని, దురుద్దేశంతో అవమానిస్తే భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు. పాత శిక్షాస్మృతిలోని 295ఏ ఇదే. సభ్యుడు పెట్టిన పోస్టుకు అడ్మిన్‌ను అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యుణ్ణి చేయలేరని 2021లో బొంబాయి హైకోర్టు, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. కేసు పెడతారన్న భయంతో మంచి చర్చను కూడా మూసేస్తున్నవాళ్ళున్నారు, అంత అవసరం లేదు. దేవుడి బొమ్మను మార్ఫింగ్ చేసిన ఫొటోను మాత్రం వెంటనే తీసేయాలి. దానితో ఎవరి మనసూ మారదు, ఒక కుర్రాడు స్టేషన్ చుట్టూ తిరగాల్సి వస్తుంది.

డబ్బు గొడవకు మందు చిన్నది. చందాలు ఒక మనిషి ఫోన్‌పే నంబరుకు వేయించుకోవడం ఆపాలి. ఏడుగురు ఉంటే 2001 సొసైటీల చట్టం కింద సంఘం రిజిస్టరవుతుంది. సంఘం పేర బ్యాంకు ఖాతా తెరిచి, ఇద్దరి సంతకాలతోనే డబ్బు తీయాలి, నెలనెలా పాస్‌బుక్ పేజీ ఫొటో గ్రూపులో పెట్టాలి.

ఇక చావు. ఒక నాస్తికుడు చనిపోయినరోజు ఆ ఇంట్లో ఏం జరుగుతుందో చూడండి. భార్య ఏడుస్తూ కూలబడి ఉంటుంది. పిల్లలు వేరే ఊళ్ళనుంచి బస్సులో ఉంటారు. బావమరిది వచ్చి పురోహితుడికి ఫోన్ చేస్తాడు. ఆయన తన కళ్ళు, తన దేహం ఇచ్చేయమని ఇరవై ఏళ్ళుగా చెప్పిన మాట అప్పుడు చెప్పేవాడు ఇంట్లో ఉండడు. గ్రూపులో ‘జోహార్లు’ మాత్రం రెండు వందలు పడతాయి. మనిషి అక్కడికి వెళ్ళాలి, అదీ మొదటి గంటలోనే. ఎందుకంటే కళ్ళు ఆరు గంటల్లోపే తీయాలి. వెళ్ళినవాళ్ళు మొదట పైన తిరుగుతున్న ఫ్యాను ఆపాలి. రెప్పలు మూసి, శుభ్రమైన నీళ్ళలో తడిపి పిండిన దూది వాటిమీద పెట్టాలి, ఆరితే మళ్ళీ తడపాలి. తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తాలి. నల్లగుడ్డు మీది పొర ఎండిపోతే ఇంకొకరికి పనికిరాదు, ఈ జాగ్రత్తంతా అందుకే. ఫోన్ చేస్తే ఐ బ్యాంకు (నేత్రనిధి) వాళ్ళు ఇంటికే వస్తారు, పని అరగంటలోపే అయిపోతుంది, ముఖం వికారం కాదు. షుగరున్నా, శుక్లాల ఆపరేషన్ అయినా అడ్డం కాదు. హెచ్ఐవి, హెపటైటిస్, రేబిస్, రక్తంలో ఇన్‌ఫెక్షన్ ఉంటే తీసుకోరు.

దేహదానానికి చనిపోయినాయన రాసిన కాగితం ఒక్కటే చాలదు. వారసులు ఒప్పుకుని సంతకం చేయాలి, ఒక్కరు అడ్డం పడ్డా కాలేజీ వాళ్ళు వెనక్కి తగ్గుతారు. అందుకే బతికుండగానే భార్య, పిల్లలు, అన్నదమ్ముల ఎదుట కూర్చుని మాట్లాడి వాళ్ళ సంతకాలు కూడా అందులో పెట్టించాలి. గ్రూపు సభ్యులందరికీ ఇది చేయిస్తే సగం పని తీరినట్టే. నెల్లూరులో, ఒంగోలులో ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి, దేహాలు తీసుకునే వాటి అనాటమీ విభాగానికి ముందే ఫోన్ చేయాలి. వైద్యుడి మరణ ధ్రువపత్రం, చనిపోయినాయనవి, సంతకం పెట్టే వారసుడివి ఆధార్ నకళ్ళు పట్టుకెళ్ళాలి. ప్రమాదం, ఆత్మహత్య, పోస్టుమార్టం అయిన దేహం తీసుకోరు. ఆదివారమో, రాత్రో అయితే విభాగం మూసి ఉంటుంది గనక ఫ్రీజర్ బాక్స్ అద్దెకు తేవాలి. దేహాన్ని తీసుకెళ్ళే బండి మీద వైకుంఠ రథం అని రాసుందని ఆ గుమ్మం ముందు వాదన పెట్టుకోవద్దు. కాలేజీ వాళ్ళిచ్చే రసీదు భద్రంగా దాచాలి, దహనం జరగలేదు గనక మరణం నమోదు చేయించేటప్పుడు శ్మశానం కాగితానికి బదులు అది చూపించాల్సి రావచ్చు. నమోదు 21 రోజుల్లోపు అయితే రుసుము లేదు.

పెద్దకర్మకు బదులు పెట్టే సంస్మరణ సభలో మనవాళ్ళు చేసే తప్పు పెద్దది. మైకు దొరికింది కదా అని నుదుట కుంకుమ చెరిగిన ఆ ఇల్లాలి ఎదుట ఆత్మ లేదు, పునర్జన్మ లేదు అని అరగంట ఉపన్యాసం చెబుతారు. వచ్చిన చుట్టాలు లేచిపోతారు. ఆ వీధిలో ఇంకెవరూ మనల్ని పిలవరు. ఐదుగురు, ఒక్కొక్కరు ఐదు నిమిషాలు, చనిపోయిన మనిషి గురించి మాత్రమే. చివర అందరికీ భోజనం. ఆ భోజనం వండించే బాధ్యత గ్రూపుది.

పెళ్ళిళ్ళలో చాలామంది కుర్రాళ్ళు మోసపోతున్నారు. స్టేజీ మీద దండలు మార్చుకుని, ఒక పెద్దమనిషి చేత ప్రమాణం చేయించుకుంటే పెళ్ళయిపోయిందనుకుంటారు. తమిళనాడులో 1967 చట్టసవరణ వల్ల పురోహితుడు లేకుండా చేసుకునే ఆత్మగౌరవ వివాహం చెల్లుతుంది. మన రాష్ట్రంలో అలాంటి సవరణ లేదు. హిందూ వివాహ చట్టం కింద తగిన తంతు జరగకపోతే రిజిస్ట్రేషన్ కాగితం ఒక్కదానితో పెళ్ళి నిలబడదని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. తంతు వద్దనుకునేవాళ్ళకు 1954 ప్రత్యేక వివాహ చట్టమే దారి. ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులుగా ఉంటూ వివాహ అధికారికి నోటీసివ్వాలి. నోటీసు పెట్టాక 30 రోజులు ఆగాలి, మూడు నెలలు దాటితే మళ్ళీ కొత్తది ఇవ్వాలి. ముగ్గురు సాక్షులు కావాలి. వాళ్ళ ముందు, అధికారి ముందు ‘నిన్ను చట్టబద్ధంగా భార్యగా స్వీకరిస్తున్నాను’, ‘భర్తగా స్వీకరిస్తున్నాను’ అని ఒకరికొకరు చెప్పుకోవాలి. కులాంతర జంటకు ఆ నోటీసు నెలే గండం, ఇంట్లోవాళ్ళకు తెలిసేది అప్పుడే. ఆ నెల రోజులు అమ్మాయి ఎవరింట్లో ఉండాలి, ఆ ముగ్గురు సాక్షులు ఎవరు అన్నది ముందే తేల్చిపెట్టే గ్రూపులో ఎవరి కులం ఏదని తగవు పెట్టుకునే తీరిక ఉండదు.

మీ పత్రికకు ఒక విన్నపం. జిల్లా పేజీలో రక్తనిధుల నంబర్లు వేస్తున్న చోటే ఐ బ్యాంకుల నంబర్లు, నెల్లూరు, ఒంగోలు మెడికల్ కాలేజీల అనాటమీ విభాగాల నంబర్లు కూడా వారానికొకసారి వేయండి. సెలవు రోజుల్లో ఎవరికి ఫోన్ చేయాలో ఆ కాలేజీల వాళ్ళను అడిగి దాని కిందే వేస్తే, అర్ధరాత్రి వేళ చనిపోయినవాళ్ళ ఇంట్లో ఆ ముక్క కత్తిరించి గోడకు అంటించి ఉంటుంది.

ఇట్లు,
ఒక హేతువాద కార్యకర్త,
కావలి.